అక్క వదిలిన సందు

కోట్లు కుట్టే ఆ షాపులో ఆమెను అందరూ అరపూట అనే పిలుస్తారు. నెలకు రెండు మూడు సార్లు మధ్యాహ్నానికల్లా సూది పక్కన పెట్టి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఇంటిదారి పడుతుంది మరి. నిజానికది వాళ్ళక్కకు ఆమె పెట్టిన పేరు. అక్క పోయాక ఆ కుర్చీ, ఆ తలనొప్పి, ఆ పేరు మూడూ ఈమెకే దక్కాయి. ఇంత చక్కని ఆస్తి ఎవరికి దొరుకుతుంది చెప్పండి!

అక్కచెల్లెళ్ళిద్దరిదీ అస్తరు పని, అంటే కోటు లోపలి గుడ్డ కుట్టడం. అస్తరును కోటుకు లోపలివైపు నుంచి కుట్టి, ఒక చేతి అస్తరులో జానెడు సందు వదులుతారు. ఆ సందులోంచే కోటు మొత్తాన్ని లాగి తిరగేస్తారు. ఆ తర్వాత సందును కనబడని కుట్లతో మూసెయ్యాలి. మర్చిపోయారా, తొడుక్కునే పెద్దమనిషి చెయ్యి అస్తరులోకి దూరి ఎటూ రాకుండా ఇరుక్కుంటుంది. మర్నాడు షాపులో రభసే. అక్క ఏనాడూ మర్చిపోలేదు.

తలనొప్పి వచ్చే ముందు అక్కకు కంటి చివర వంకరటింకర గీత ఒకటి మెరిసేది. "జిగ్‌జాగ్ కుట్టులా ఉంటుందే. దానంతటదే కుట్టుకుంటూ పోతుంది" అనేది. పని ఎగ్గొట్టడానికి ఎంత అందమైన సాకో అని చెల్లెలు నవ్వేది.

ఏడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం అక్క చేతిలోని కోటు బల్ల మీద పెట్టి లేచింది.

"సందు ఒక్కటే మిగిలింది. రేపొచ్చి మూస్తా. నువ్వు ముట్టుకోకు."

"అరపూట మహారాణిగారు బయల్దేరారా?" అంది చెల్లెలు.

షాపంతా నవ్వింది. నొప్పిలోనే అక్కా నవ్వింది. ఇంటికి చేరాక పడిపోయింది. మెదడుకు రక్తం అందలేదన్నారు. మర్నాడు ఆ కుర్చీ ఖాళీగానే ఉంది.

కోటు తాలూకు ఆయనకు వేరేది కుట్టి ఇచ్చారు. ఇది మాత్రం చెల్లెలి గదిలో తలుపు వెనక వేలాడుతోంది.

ఏడాది తిరక్కుండానే ఆమె కంట్లోనూ ఆ గీత మెరిసింది. భయపడాల్సింది పోయి, "అక్కా, కనబడిందే" అని పైకే అంది. నాలుగు గోడలు తప్ప వినేవాళ్ళు లేరు. అప్పటి నుంచి గీత మెరిసిన ప్రతిసారీ, నొప్పి మొదలయ్యేదాకా ఆ ఇరవై నిమిషాలూ అక్కతో మాట్లాడుకుంటుంది.

ఈ మధ్య గీతతో పాటు ఎడమ చెయ్యి కూడా మొద్దుబారుతోంది. కటింగ్ మాస్టరు చివాట్లు పెట్టి ఆస్పత్రికి తరిమాడు. డాక్టరమ్మ ఆమె కణతకు చిన్న పరికరం ఆనించింది. తలలో రక్తం పారే చప్పుడు కుట్టుమిషను తొక్కినట్టు వినబడింది. చేతి నరంలోకి సన్నని గాలిబుడగలున్న ఉప్పునీరు ఎక్కించి, ఊపిరి బిగబట్టి వదలమంది. కాసేపటికి ఆ చప్పుడులో టిక్కు టిక్కుమని ఏదో కలిసింది. ఆపైన గుండెకు స్కాన్ తీశారు.

"ఆ బుడగలు ఊపిరితిత్తుల్లో ఆగిపోవాలమ్మా. మీకు తలలోకి వచ్చేస్తున్నాయి. గుండె గదుల మధ్య సందుంది. కడుపులో ఉన్నప్పుడు అందరికీ ఉంటుంది, పుట్టాక మూసుకుపోవాలి. నలుగురిలో ఒకరికి మూసుకోదు."

"తిరగేశాక మూయడం మర్చిపోయారన్నమాట."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. "తలనొప్పి దీనివల్లేనని ఖాయంగా చెప్పలేను. మూస్తే కొందరికి ఆ గీతలూ నొప్పీ తగ్గుతాయి, కొందరికి తగ్గవు. రక్తపు గడ్డ ఏదైనా ఆ దారిన మెదడుకు పోవచ్చు, అదీ నా భయం. మూయించుకుంటానంటే, ఆలోచించుకుని ఈ కాగితం మీద సంతకం పెట్టండి."

"మా అక్కకూ ఉండేదంటారా?"

"ఇప్పుడెలా చెప్పనమ్మా."

కాగితం మూడు రోజులు సంచిలోనే ఉంది. గీత పోతే అక్కతో మాట్లాడే వేళ కూడా పోతుంది. ఆమె బెంగంతా అదే. నాలుగో రోజు మొద్దుబారిన చేతిలోంచి సూది జారి కింద పడితే, దాన్ని ఏరుకుని కాగితం మీద సంతకం పెట్టింది.

ఆ సాయంత్రం కోటు దించి, చేతి అస్తరు సందులో వేళ్ళు దూర్చింది. అంచున అక్క వేసిన కుట్లు చక్కగా ఆగిపోయి ఉన్నాయి.

"నీది సాకు కాదే అక్కా" అంది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. ఆనక సూదికి దారం ఎక్కించి, మొదటి కుట్టు వెయ్యబోయి ఆగింది. ముట్టుకోకు అని కదా చెప్పింది. అక్క మాట ఈ ఒక్కటైనా విందామని దారం మళ్ళీ కండెకు చుట్టేసింది.