కోంట షావుకారు కారు, మా వైండింగ్ బల్ల

“ఆ డైనమో తీసి పారేద్దాం వదినా. కొత్త రకం ఆల్టర్నేటర్ ఎక్కిద్దాం. ఈ రోజుల్ల తీగ చుట్టుకుంట ఎవరు కూసుంటరు?”

“బల్ల మీద బల్బు వెలిగింది, బండిల పనిచేస్తలేదు. తప్పు ఏడుందో చూడకుండనే పారేసుడేంది?”

“బల్ల మీద వెలిగితే ఏంజేసుకోవాలె? షావుకారు బల్లెక్కి కోంటకు పోతడా?”

ఈ చివరి మాట మా మరిది సాంబయ్యది. అన్నది దసరా నాడు, జగదల్‌పుర్‌లో మా ఆటో ఎలక్ట్రిక్ కొట్టు ముందు, షావుకారు గారు వింటుండగానే. ఎనభైల నాటి సంగతి.

అక్కడి రాజుల సంస్థానం దేశంలో విలీనమైన కొన్నేళ్లకు మా మామగారు భద్రాచలం వైపు నుంచి వచ్చి ఆ కొట్టు పెట్టారు. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. కూర్చుని చేసే పని కదా, నీకు ఓపిక ఉంది అని ఆయనే నాకు ఆర్మేచర్ చుట్టడం నేర్పారు. బ్యాటరీని చార్జ్ చేసే డైనమో లోపల తిరిగే ఇనుప దిమ్మను ఆర్మేచర్ అంటారు. దాని గాడుల్లో రాగి తీగ చుడతాం. కాలిపోయిన తీగ ఊడదీసి, గాడిలో కొత్త కాగితం పరిచి, ముందు ఎన్ని చుట్లు ఉన్నాయో అన్నే చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టాలి. ముసలిదాన్నయ్యేదాకా నా ఉద్యోగం అదే. మిగిలిన తీగ ముక్కలు డాల్డా డబ్బాలో దాచేదాన్ని. రాగి పారేసే వస్తువు కాదు.

ఆ ఏడు సాంబయ్యకు బ్యాటరీలు అమ్మాలని మోజు. రాక్ పెట్టడానికి కొట్టులో ఉన్నది ఒకటే మూల, అందులో నా బల్ల. అప్పటికే వైండింగ్ పనులు తగ్గాయి. కోంట షావుకారు కారు చార్జింగ్ ఇస్తే బల్ల ఉంటుంది, ఇవ్వకపోతే దసరా మర్నాడు తీసేద్దాం అన్నాడు. నేను సరేనన్నాను. పని రాని బల్లకు చోటు దండగే మరి.

ఆ కారు షావుకారు వాళ్ల నాన్నగారు రాజుల కాలంలో కొన్న విలాయతి బండి. ఏళ్ల తరబడి చింతపండు గోదాములో పడి ఉంది. డైనమో ఎలుకలు కొరికి, తడిసి, కాలిపోయింది. షావుకారు గారికి అందులో కొత్త సామాను పెట్టడం ఇష్టం లేదు. అసలుదే కావాలన్నారు. నేను తీగ చుట్టాను, తిరిగే దిమ్మకు ఆనుకుని అరిగిన కార్బన్లు మార్చాను, బల్ల మీద తిప్పి చూశాను. బల్బు తెల్లగా వెలిగింది. దసరా ముందు రోజు సాంబయ్య దాన్ని కారులో బిగించాడు.

మా కొట్లో దసరాకు రెండు నియమాలు. పండగ ముందు కొట్టులో ఉన్న ప్రతి ఇనుప వస్తువుకూ వెండి రంగు పడాలి. పండగ నాడు పానాలు, స్క్రూడ్రైవర్లు, ఆకురాళ్లు అన్నీ కడిగి, కుంకుమ పెట్టి, పీట మీద పూజలో ఉంచాలి. మర్నాడు పొద్దున కొబ్బరికాయ కొట్టేదాకా వాటిని ముట్టకూడదు.

పూజ అయ్యాక నిమ్మకాయ తొక్కించడానికి కారు స్టార్ట్ చేశారు. అద్దం కింద ఉన్న చిన్న మీటరులో ముల్లు ఎడమవైపే పడి ఉంది. అంటే బ్యాటరీ నుంచి పోతోందే గాని, బ్యాటరీలోకి ఏమీ రావడం లేదు. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా కదల్లేదు. పై గొడవ అప్పుడే లేచింది.

నేను అరుగు మీద కూర్చుని కారులోకి చూస్తూ ఉన్నాను. బల్ల మీద ఉన్నదేంది, ఇక్కడ లేనిదేంది? బల్ల మీద కరెంటు పోవడానికో తీగ, తిరిగి రావడానికో తీగ పెడతాను. కారులో తిరిగి వచ్చే తీగ ఉండదు. బండి ఇనుమే ఆ తీగ. దాన్నే ఎర్త్ అంటాం. అంటే ఆ ఇనుప దారి ఎక్కడో తెగి ఉండాలి. డైనమో బోల్టులు ఇంజనులోకి గట్టిగా దిగి ఉన్నాయి, దానికి దారి ఉంది. ఇక మిగిలింది కటౌట్. చార్జింగ్‌ను బ్యాటరీకి కలిపే చిన్న డబ్బా అది, బండి రేకుకు బిగించి ఉంటుంది. కొత్త వెండి రంగుతో అద్దంలా మెరుస్తోంది.

రంగు ఎంత బాగా వేసినవ్, ఎన్ని కోట్లు అని సాంబయ్యను అడిగాను.

“రెండు. ఎనకదిక్కు గూడ ఏసిన. మరలకు, బెజ్జాలకు గూడ. తుప్పు పట్టద్దు గద.”

నేను లేచి డాల్డా డబ్బా తెచ్చాను. పనిముట్లు ముట్టద్దు వదినా అన్నాడు. ఇది పనిముట్టు కాదు, చెత్త తీగ, పీట మీద పెట్టలేదు గదా అన్నాను. నవ్వాడు. ఇంజనును మళ్లీ స్టార్ట్ చేయించి, రాగి ముక్క ఒక కొస ఇంజను ఇనుముకు, రెండో కొస కటౌట్‌కు ఉన్న, రంగు పడని ఇత్తడి మరకు ఆనించాను. కటౌట్‌లో టక్కుమంది. షావుకారు గారు లోపలి నుంచి ముల్లు లేచింది అన్నారు. తీగ తీశాను, పడింది. పెట్టాను, లేచింది. ఆయన దిగి వచ్చి, నన్ను పక్కకు జరగమని, తానే రెండు మూడు సార్లు పెట్టి తీసి చూసుకున్నారు.

సాంబయ్య స్క్రూడ్రైవర్ కోసం పీట దగ్గరకు పోయాడు. ఇప్పుడే విప్పుత అన్నాడు. రేపు అన్నాను. షావుకారు గారు కూడా రేపే అన్నారు, ఆ రాత్రికి మా ఇంట్లోనే ఉన్నారు.

ఆ తర్వాత చార్జింగ్ రాని బండి ఏది వచ్చినా, నేను డైనమో విప్పించే ముందు ఎర్త్ చూసేదాన్ని. రంగు పొర కరెంటును ఆపేస్తుంది, ఇనుముకు ఇనుము తగలాల్సిన చోటును అందంగా చేయకూడదు. పనిలో నేను నేర్చిన వాటిలో అదొకటి.

మర్నాడు పొద్దున సాంబయ్య కొబ్బరికాయ కొట్టి, పీట మీంచి స్క్రూడ్రైవర్ తీసి, కటౌట్ విప్పి, వెనక రంగును ఆకురాయితో గీకి బిగించాడు. ముల్లు కుడివైపు నిలిచింది. షావుకారు గారు కోంటకు బయలుదేరారు. సాంబయ్య నా బల్ల మూల వదిలి, బ్యాటరీల రాక్ కోసం వరండాలో గోడ కొలిచి, ఆకురాయి పట్టుకుని మా జీపు కటౌట్ దగ్గరకు వెళ్లాడు. దానికీ రెండు కోట్లు వేశాడు మరి.