పెద్దమ్మ పట్టుపురుగులు

తమ్ముడు పుట్టాక మా అమ్మ నవ్వడం మానేసింది. పొద్దంతా గోడవైపు తిరిగి పడుకుని ఊరికే ఏడ్చేది. ఆ ఎనభైల్లో అదొక జబ్బని మా ఊరు అత్తిముగంలో ఎవరికీ తెలియదు. ఒకరోజు అమ్మ పెద్దమ్మ పెంచే పట్టుపురుగులకు మల్బరీ ఆకు వేయబోతే, పెద్దమ్మ అందరి ముందూ ఆమెను షెడ్డు గుమ్మంలోనే ఆపేసింది.

"ఏడ్చే మనిషి లోపలికొస్తే పురుగు గూడు కట్టదు. ఆడనే ఉండు."

అమ్మ మళ్లీ అటు పోలేదు. అయినా ఆ పంటకు పెద్దమ్మ పురుగులన్నీ నల్లబడి చచ్చాయి. పరుగున వచ్చి చెప్పాను. అమ్మ ఇటు తిరిగింది.

"నేను ఆ పక్కకే పోలేదు కదప్పా!" అని పకపకా నవ్వింది.

మర్నాడు మళ్లీ గోడవైపే తిరిగింది. ఆ నవ్వు ఇంకోసారి చూడాలని, పెద్దమ్మ పురుగులు చావాలని, ప్రతి పంటకూ దేవుడికి మొక్కుకున్నాను.