ఇప్పచెట్టు కింద మా అమ్మ పాదం

ఒట్టికాళ్ళతో నడిస్తే రక్తం బాగా పారుతుందని, నిద్ర బాగా పడుతుందని ఈమధ్య పట్నం వాళ్ళు పొద్దున్నే గడ్డి మీద తిరుగుతున్నారట. పేపర్లో వేశారు. ఆ పక్కనే ఒక డాక్టరుగారు, చెప్పుల్లేకుండా వాకిలి దాటితే కడుపులో పురుగులు చేరతాయని రాశాడు. ఇద్దరిదీ నిజమే. నా కోపమల్లా ఒకటే. చెప్పులు వేసుకోవడమో మానడమో మనిషి ఇష్టం మీద ఉన్నట్టు రాశారు ఇద్దరూ. బస్తర్ రాజ్యంలో, మద్దేడు వైపు అడవి అంచున పుట్టిన మమ్మల్ని ఆ ఇష్టం ఎవరూ అడగలేదు. నేను బడికి పోలేదు. సంత నుంచి వచ్చిన పొట్లాల కాగితాలు చూసి అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ని. అయినా ఈ సంగతి రాయడానికి చదువెందుకు, కాళ్ళుంటే చాలు.

వానాకాలం పొలం గట్టు మీద చెప్పులేసుకుని నడవమనండి ఆ డాక్టరుగారిని. బంకమట్టి చెప్పును పట్టుకుంటుంది, మనిషి మడిలో ఉంటాడు. కాలివేళ్ళు గట్టును పట్టుకుంటేనే నెత్తిమీద నారుకట్ట నిలుస్తుంది. అట్లాగని అదేమంత సుఖమూ కాదు. నాట్ల నెలలో వేళ్ళ సందులు నాని పుండ్లయి, రాత్రిపూట ఆముదం రాసుకుని మూలగని ఆడమనిషి మా ఊళ్ళో లేదు. గడ్డి మీద తిరిగేవాళ్ళు ఇది రాయరు.

ఎండాకాలం మొదట్లో ఇప్పపువ్వు రాలుతుంది. అంతకుముందే చెట్టు కింద ఆకూ అలమూ పోగుచేసి నిప్పు పెడతాం. నేల నల్లగా, శుభ్రంగా తయారవుతుంది, రాలిన పువ్వు తెల్లగా కనబడుతుంది. ఎండబెట్టి దాచుకుని వానాకాలమంతా ఉడకబెట్టుకు తినే పువ్వు. అందుకని చెట్టు కిందికి చెప్పులతో పోము. చెప్పులున్నవాడు కూడా ఎడంగా విడిచి పోవాల్సిందే. పువ్వు తగిలితే ఒట్టికాలు ఆగుతుంది. చెప్పుకేం తెలుసు, చితక్కొడుతుంది.

అయితే ఆ నిప్పుకు చిన్న పొదలు కాలి, మొదళ్ళు నేలలో మిగిలిపోతాయి. నిప్పుకు గట్టిపడి మేకుల్లాగా ఉంటాయి. నేను నాగలి పట్టడం నేర్చుకుంటున్న ఏడు, అలాంటి మోడు ఒకటి మా అమ్మ అరికాల్లో దిగింది.

దాన్ని లాగి పారేసి, గంప నిండేదాకా పువ్వు ఏరి ఇంటికొచ్చింది. మా నాయనమ్మ, అంటే నాయన తల్లి, ఎప్పుడూ చేసే వైద్యమే చేసింది. నల్లజీడి గింజను సూదికి గుచ్చి దీపం మీద కాచి, ఊరిన నూనెను గాయానికి అంటించింది. చర్మం మాడి గాయం మూసుకుంటుంది. ముల్లు దిగిన ప్రతివాళ్ళకూ ఆమే పెట్టేది, మానేవి కూడా. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. మోడు కొన విరిగి లోపలే ఉండిపోయింది, పైన మూత మాత్రం గట్టిగా పడింది.

పువ్వు రాలేది కొద్దిరోజులే. అమ్మ మడమ మీద నడుస్తూ ఏరుతూనే ఉంది. పాదం ఉబ్బడం చూసి నాయన, సంత నుంచి చెప్పులు తెస్తానన్నాడు.

“చెప్పులతోటి పువ్వు తొక్కుమంటవా? తినేది గాదా అది?” అంది అమ్మ.

నాయనమ్మ ఇంకోసారి జీడి పెట్టింది. “జీడి వడ్డంక చీము ఎట్ల వడ్తది? ఒంట్ల వేడి, గంతే” అంది.

గజ్జల్లో బిళ్ళలు కట్టి, జ్వరంలో అమ్మ మమ్మల్ని గుర్తుపట్టడం మానేశాక నాయన బండి కట్టాడు. దారి పొడుగునా నాయనమ్మ ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దవాఖానాలో కాంపౌండరు హిందీలో తిట్టాడు. చెప్పుల్లేకుండా అడవులు పట్టి తిరిగి, కాలు కుళ్ళాక తన దగ్గరికి తెస్తామట. ఇంకా ఆలస్యమైతే మోకాలి కింద తీసెయ్యాల్సిందేనట, అదీ జగదల్‌పూర్‌ దాకా మనిషి బతికి చేరితే. నాయన తలొంచుకుని విన్నాడు. మాలాంటివాడు చెప్పులతో ఆ దవాఖానా మెట్లెక్కితే జవాను కర్రతో అదిలించేవాడు. కాంపౌండరుకు అది గుర్తు రాలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

అయినా కాలు నిలబెట్టింది అతనే. కోస్తే, చీముతోపాటు గోరంత నల్లటి పుల్ల బయటికొచ్చింది. దాన్ని గిన్నెలో వేసి మా ముందు పెట్టాడు. నాయనమ్మ దాన్ని వేలితో తిప్పి చూసింది. ఆ తర్వాత ఆమె ఎవరికీ జీడి పెట్టగా నేను చూడలేదు.

అమ్మకు రెండు వేళ్ళు వంగే ఉండిపోయాయి. నాట్లకు దిగేది కానీ గట్టు మీద తడబడేది.

మరుసటి ఏడు చెట్టు కింద కాల్చిన నేల చల్లారాక, అమ్మ గంప పట్టుకుని వచ్చేసరికి నాయనమ్మ అక్కడ ఉంది. అరికాలును నేలకు రాస్తూ, చెట్టు మొదలు నుంచి బయటికి చుట్లు తిరుగుతోంది. కాలికి మోడు తగిలినచోటల్లా నాయనను పిలుస్తోంది. ఆయన గడ్డపారతో పెకిలిస్తున్నాడు.

“నేను చూస్కుంట గద అత్తా. నీ కాళ్ళకు గుచ్చుకుంటయి” అంది అమ్మ.

“గుచ్చుకోనీ. నువ్వాడనే ఉండు” అంది నాయనమ్మ.

కొమ్మల కొసల కింది నేల దాకా తిరిగొచ్చాకే అమ్మను చెట్టు కిందికి రానిచ్చింది.