సోలార్ పలకలకు అభిషేకం

1983 వేసవిలో నన్ను విద్యుత్ బోర్డు నంద్యాల డివిజన్ ఆఫీసు నుంచి ఆళ్ళగడ్డ సెక్షనుకు అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. ఎండాకాలంలో ఆ పోస్టింగు ఎవరూ కోరుకోరు. శ్రీశైలం జలాశయంలో మట్టం పడిపోయేది, పైనుంచి కరెంటు కోతల ఉత్తర్వు వచ్చేది, మరునాడు కోయిలకుంట్ల వైపు రైతులు మా ఆఫీసు ముందు కూర్చునేవారు. నది ఎండితే తిట్లు నాకు!

అలాంటి రోజుల్లో హైదరాబాదు నుంచి లారీలో గడ్డి కప్పుకుని కొన్ని చెక్కపెట్టెలు వచ్చాయి. వాటిలో ఉన్నవి సోలార్ పలకలు. అంతవరకు పుస్తకంలో బొమ్మగా చూసిన వస్తువు చేతికొచ్చేసరికి నాకు అన్నం సహించలేదంటే నమ్మండి. పెట్టెలతో పాటు ఒక పంపు, ఒక ఉత్తర్వు ఉన్నాయి. లైను లేని పల్లెలో వీటిని బిగించి చూడాలి. దేశానికి రేపు కావలసిన కరెంటుకు నీటిని నమ్ముకోవాలా, ఎండను నమ్ముకోవాలా అన్నదాని మీద నోట్ రాసి పంపాలి. పంపు సరిగ్గా నడవకపోతే పలకలు విప్పి వేరే డివిజనుకు ఇచ్చేయాలి.

నల్లమల అంచున ఒక పల్లెను ఎంచుకున్నాను. మధ్యలో అడవి అడ్డం కనుక అక్కడికి స్తంభాలు వేయడానికి అనుమతి రాలేదు. ఆడవాళ్ళు వంకలో ఇసుక తోడి, చెలమలో ఊరిన నీళ్ళను చెంబుతో బిందెల్లోకి ఎత్తుకుని మోసుకొచ్చేవారు. ఊళ్ళో బోరు ఉన్నా దాన్ని తోడే కరెంటు లేదు. ఈశ్వరమ్మ అనే పెద్దావిడ మా పని చూస్తూ నిలబడి, "తీగె లేకుండా నీళ్ళు యాడ నుంచి వస్తాయప్పా?" అంది. ఎండలో నుంచి వస్తాయన్నాను. "ఈడ ఎండకేం కరువు!" అని నవ్వింది.

బిగించిన రోజు మధ్యాహ్నం స్విచ్ వేశాను. గొట్టం దగ్గి, బుడబుడమని, ఒక్కసారిగా నీళ్ళు చిమ్మింది! స్తంభం లేదు, తీగ లేదు, డ్యాం లేదు. మా లైన్‌మన్ వెంకటసుబ్బయ్య చొక్కా తడిసేదాకా గొట్టం ముందు నుంచి కదల్లేదు. నేనూ కదల్లేదు.

మరునాడు డి.ఈ. గారు, అంటే నంద్యాలలో మా అందరికీ పై అధికారి అయిన డివిజనల్ ఇంజనీరు, తనిఖీకి వచ్చారు. ఆయన సర్వీసులో సగం డ్యాం దగ్గరే గడిచింది. జీపులో దారి పొడుగునా నన్ను ఆటపట్టిస్తూనే ఉన్నారు. సాయంత్రం ఊరూరా దీపాలు వెలిగే వేళకు తమ టర్బైన్లు నిమిషాల్లో లోడు అందుకుంటాయనీ, నా సూర్యుడు సరిగ్గా అప్పుడే డ్యూటీ దిగిపోతాడనీ అన్నారు. కాదనడానికి లేదు. పంపు చూశాక మాట్లాడదామన్నాను.

పలకలను దక్షిణం వైపు వాల్చి ఇనుప చట్రం మీద నిలబెట్టాం. స్విచ్, కరెంటు కొలిచే అమ్మీటరు వాటి వెనక నీడలో ఉన్నాయి. జీపు కూడా ఆ వెనకవైపే ఆగింది. ఊరంతా కొత్త బట్టల్లో ఉంది. స్విచ్ వేశాను. అమ్మీటరు ముల్లు సగం దాకా కూడా లేవలేదు. పంపు మూలిగింది తప్ప నీళ్ళు రాలేదు. డి.ఈ. గారు గడియారం చూసుకుని, పలకలు వచ్చిన పెట్టెలు పారేయలేదు కదా అని అడిగారు. కనెక్షన్లన్నీ తడిమి చూశాను. అన్నీ గట్టిగానే ఉన్నాయి. చివరికి ముందువైపుకు వెళ్ళాను.

ప్రతి పలక నిండా పసుపు పూసి, అరచేయంత కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి!

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెడితే మా లైన్‌మన్లే బొట్టు పెట్టి టెంకాయ కొడతారు. ఇనుప డబ్బాకు దాంతో నష్టం లేదు. సోలార్ పలకలో ఎండను కరెంటుగా మార్చే బిళ్ళలను ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు వరుసగా కలుపుతారు. ఒక్క బిళ్ళ కప్పేసినా ఆ వరుసంతటా కరెంటు తగ్గిపోతుంది. వెంటనే తుడిచేయమని అరిచాను. ఒక్కరూ కదల్లేదు. వెంకటసుబ్బయ్య తల దించుకున్నాడు.

"బొట్టు చెరిపేదా? ఏం మాట సారూ అది!" అంది ఈశ్వరమ్మ. తెల్లారి పూజ చేసింది ఆవిడే. నేను వివరం చెప్పబోయాను. డి.ఈ. గారు అప్పటికే జీపు వైపు నడుస్తున్నారు. ఆయన ఎక్కితే పలకలు పోయినట్టే, ఊరు మళ్ళీ చెలమ దగ్గరికి పోయినట్టే. ఆ మాటే ఆవిడతో అన్నాను.

ఆవిడ చెంగు నడుముకు దోపింది. "చెరిపేది లేదు. అభిషేకం చేస్తాం" అంది. తనిఖీ అయ్యేదాకా పంపు ఆపి ఉంచాం కనుక ఆ ఉదయం కూడా వంక నుంచే మోసుకొచ్చిన బిందె ఎత్తింది. అద్దం కాగి ఉంది, పగలకుండా సన్నగా పోయమన్నాను. మిగతా ఆడవాళ్ళూ తమ తాగేనీళ్ళు తెచ్చారు. అభిషేకంలో చేత్తో రుద్దినా దోషం లేదట, గట్టిగానే రుద్దారు. పసుపు నీళ్ళు చట్రం మీదుగా కారుతుంటే వెనక ముల్లు లేచింది. పంపు అందుకుంది. నీళ్ళు పడిన చప్పుడుకు డి.ఈ. గారు జీపు మెట్టు మీద నుంచి వెనక్కి తిరిగారు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. పై అధికారి చూస్తున్నారు కనుక ఊరుకున్నాను.

ఆయన అమ్మీటరు చూసి, దోసిలి పట్టి నీళ్ళు తాగి, తిరుగు ప్రయాణంలో నోట్ తానే చెప్పి రాయించారు. జలాశయం అడుగంటే నెలల్లోనే ఎండ మెండుగా ఉంటుంది. మబ్బు పట్టే నెలల్లో జలాశయం నిండుతుంది. పగటి పని ఎండకు అప్పగిస్తే, ఆ మేరకు నీళ్ళు ఆపుకుని సాయంత్రానికి వాడుకోవచ్చు. సోలార్ ధర మాత్రం అప్పటికి అందనంత ఎక్కువని కూడా రాయించారు. అందుకే నా సర్వీసులో మరో పెట్టె రాలేదు. పల్లెలోని పలకలు అక్కడే ఉండిపోయాయి. అటుపై ఈశ్వరమ్మ బొట్టు చట్రానికి పెట్టి, పలకలకు శుక్రవారం శుక్రవారం అభిషేకం చేసేది. అద్దం మీద దుమ్ము నిలవలేదు.

ఎండా నీరా అన్న ప్రశ్నకు జవాబు ఏ వేళకు, ఏ నెలకు అన్నదాన్ని బట్టి ఉంటుంది. జవాబు రాసే ముందు మాత్రం పలక ముందువైపుకు వెళ్ళి చూడాలి.