చెంచా వంచడం నేర్పిన చాచా

చాచా పోయిన కబురు నాకు మూడు రోజులు ఆలస్యంగా తెలిసింది. పొద్దున బడికి పోతూ రోడ్డు దాటబోతుంటే ఉట్నూరు బస్సు నా పక్కన ఆగింది. కండక్టరు మా పాత క్వార్టర్స్‌లో పెరిగినవాడే. మెట్టు మీద నిలబడే చెప్పాడు.

"గెస్ట్ హౌస్ చాచా పోయిండు టీచరమ్మా. శుక్రారం పొద్దుగాల. నమాజ్ కాంగనే మట్టి గూడ ఇచ్చిన్రట."

బస్సు వెళ్ళిపోయింది. నేను బడికి వెళ్ళాను. హాజరు పిలిచాను. నల్లబల్ల మీద తేదీ రాయడానికి సుద్దముక్క పట్టుకున్నాక ఇంక చెయ్యి కదలలేదు. ఆ చెయ్యి సుద్దముక్క పట్టగలుగుతోందంటే దానికి కారణం ఆయన. పిల్లలకు పద్యం చదువుకోమని చెప్పి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

చాచా పేరు పేపర్లో ఎప్పుడూ రాలేదు, ఇక రాదు కూడా. అందుకే నాకు తెలిసినంత రాస్తున్నాను.

మంచిర్యాల దాటాక గోదావరి వైపు ఉన్న ఒక ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. మా బాపు ఫిట్టరు. చాచా గెస్ట్ హౌస్‌లో బట్లరు. పెద్ద ఆఫీసర్లు, మిషన్లు బిగించడానికి వచ్చే విదేశీ ఇంజనీర్లు దిగితే బల్ల సర్ది వడ్డించేది ఆయనే. చేత్తో కలుపుకుని తినే మా అందరి మధ్య ఏ చెంచా ఏ పక్కన పెట్టాలో తెలిసిన మనిషి ఆయనొక్కడే. ఫోర్కును కాంటా అనేవాడు. ఒక్కో చెంచా మీద నోటితో ఆవిరి ఊది, మెత్తటి గుడ్డతో తుడిచి, అందులో తన మొహం కనబడితేనే పక్కన పెట్టేవాడు. మా ఇంట్లో స్టీలు గ్లాసులో టీ ఇచ్చినా గ్లాసు కింద పెట్టేటప్పుడు చప్పుడు రానిచ్చేవాడు కాదు. "బట్లరు ఉన్నట్టు తెల్వద్దు, పని అయినట్టు తెల్వాలె" అనేవాడు.

చెంచాలు వంచడం ఆయనకు ఎలా వచ్చిందో మాకు చాలాసార్లు చెప్పాడు. నేను హైస్కూల్లో ఉన్న రోజుల్లో ఒక తెల్ల ఇంజనీరు వచ్చి గెస్ట్ హౌస్‌లో కొన్ని నెలలు ఉన్నాడు. ఒక ఆదివారం భోజనాలయ్యాక ఆయన ఒక చెంచా తీసుకుని, మెడ దగ్గర బొటనవేలితో నిమిరాడట. నిమురుతుంటే అది మైనంలా మెత్తబడి ఒరిగిపోయిందట. బల్ల చుట్టూ కూర్చున్న ఆఫీసర్లు ఊపిరి బిగబట్టి చూశారు. చాచా మాత్రం ఆ ఇంజనీరు కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. బట్లరు చోటు అదే. ముందున్నవాళ్ళకు వేళ్ళు దాచినది వెనకున్న ఆయనకు కనబడిపోయింది.

"అసలు సంగతి కనబడ్డంక గూడ నా గుండె ఆగింది బేటీ," అనేవాడు చాచా. "గంత సఫాయిగ చేసిండు."

తన వెనక ఎవరున్నారో ఆ ఇంజనీరుకు కాసేపటికి గుర్తొచ్చింది. తిరిగి చూసి, చాచా మొహం చూసి నవ్వేశాడు. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా వెళ్ళిపోయేలోగా సాయంత్రం పూట చాచాను కూర్చోబెట్టి, సొట్టలు పడి పక్కన పారేసిన చెంచాలతో చేతి సైగలతోనే నేర్పాడు. గెస్ట్ హౌస్ కుర్చీలో చాచా కూర్చున్నది ఆ కొన్నాళ్ళేనట.

ఆ ఏడు రంజాన్ పండుగనాడు వాళ్ళ వరండాలో మా అందరి ముందూ చేశాడు. సేమ్యా తింటున్న గిన్నెలోంచే చెంచా తీసి, తుడిచి, నిమిరాడు. అది తల వాల్చింది. తర్వాత ఒక కాంటా తీసుకుని దాని నాలుగు ముళ్ళను మునివేళ్ళతో అలా తడిమాడు. అరచెయ్యి తెరిచేసరికి నాలుగూ నాలుగు దిక్కులకు విచ్చుకుని ఉన్నాయి. మా అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇనుమూ ఉక్కూ తప్ప మరో మాట వినబడని మా క్వార్టర్స్‌లో, లోహం ఒక మనిషి మాట వినడం అదే మొదటిసారి చూశాను.

ఆ ఆట ఎక్కువ కాలం సాగలేదు. పక్క ఊరి నుంచి ఒకామె తన చిన్న బిడ్డను ఎత్తుకుని వచ్చింది. పోలియోతో పిల్ల కాలు సన్నబడి వంకరపోయింది. ఇనుమును వంచినాయన ఎముకను సాపు చెయ్యలేడా అని ఆమె ఆశ. కాలు ఒక్కసారి నిమరమని చాచా పాదాల దగ్గర కూర్చుంది. ఆయన కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. తనకు ఏ శక్తీ లేదని, అది చేతి నేర్పు మాత్రమేనని బతిమాలి చెప్పాడు. ఆమె నమ్మలేదు, కావాలనే చెయ్యడం లేదనుకుని ఏడుస్తూ వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆయన చెంచా ముట్టలేదు. ఎవరడిగినా మర్చిపోయానని చెప్పేవాడు.

మళ్ళీ ముట్టింది నాకోసం.

ఇంటర్ అయ్యాక నాకు టీచరు ట్రైనింగులో సీటు వచ్చింది. చేరడానికి ఇంకా వ్యవధి ఉండగా, ఒక వానాకాలం పొద్దున కుళాయి దగ్గర పాకుడు రాయి మీద జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాను. ఊళ్ళో ఒకాయన కట్టు కట్టాడు. బాగా బిగించాడు. వేళ్ళు నల్లబడుతుంటే బాపు భయపడి కరీంనగర్ పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. ఎముక అతుక్కుంది కానీ వేళ్ళు బిగుసుకుపోయాయి. చిటికెనవేలు, ఉంగరంవేలు అరచేతిలోకి ముడుచుకుని అలాగే ఉండిపోయాయి. మిగతా మూడూ కర్రపుల్లల్లా అయ్యాయి. రోజూ రబ్బరు బంతి పిసకమని డాక్టరు చెప్పాడు. బంతి పట్టుకుంటే ప్రాణం పోయేది. రెండో వారం దాన్ని గోడ అవతలికి విసిరేశాను. చేతిని కొంగు కింద దాచుకుని ఇంట్లోనే కూర్చున్నాను. సీటు వదులుకుంటానని బాపుతో చెప్పేశాను. ఆ పూట అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తకుండానే లేచిపోయాడు.

బంతి పడింది చాచా వాళ్ళ పెరట్లో. మర్నాడు ఆయన వచ్చాడు, బంతి తేలేదు. ఒక చెంచా తెచ్చాడు. దాని కాడకు పాత గుడ్డపేలికలు లావుగా చుట్టి ఉన్నాయి.

"చెంచ వంచుడు నేర్చుకుంటవా బేటీ?" అన్నాడు.

నవ్వులాటకు అంటున్నాడనుకున్నాను. ఈ చేతితోనా అన్నాను.

"గా చేతితోనే. ఎడమ చెయ్యితోని నేర్పను."

మొదటి వారం పట్టుకోవడం ఒక్కటే పని. చెంచా పట్టుకుని గుమ్మం దాకా నడవాలి, పడకూడదు. రోజుకు ఎన్నిసార్లు పడేదో లెక్కలేదు. పడిన ప్రతిసారీ ఆయనే వంగి తీసి, తుడిచి, మళ్ళీ ఇచ్చేవాడు. పడింది అనేవాడు కాదు, మళ్ళీ చెయ్ అనేవాడు కాదు, వేళ్ళ మధ్య పెట్టేవాడు. వారానికో చుట్టు గుడ్డ విప్పేవాడు. కాడ సన్నబడిన కొద్దీ నా పట్టు బిగించాల్సి వచ్చేది. ఇది ఇంద్రజాలంలో తొలి పాఠం కాబోలనుకున్నాను. ఆయన తన వారపు సెలవునాడు కరీంనగర్ వెళ్ళి, నన్ను చూసిన డాక్టరు కోసం పొద్దంతా ఆసుపత్రి వరండాలో కూర్చుని, ఏ వేలికి ఏ పని చెబితే మంచిదో అడిగి వచ్చాడని నాకు తెలియదు. ఆ సంగతి మొన్న పలకరించడానికి వెళ్ళినప్పుడు చాచా భార్య చాచీ చెప్పింది. ఇరవై ఏళ్ళు ఇద్దరూ ఆ మాట కడుపులో పెట్టుకున్నారు.

పట్టు కుదిరాక నిమరడం నేర్పాడు. ఆపైన చూపు. "చెంచ దిక్కు సూడకు. సూసెటోళ్ళ కండ్లల్లకు సూడు" అనేవాడు. వంచే కిటుకు మొత్తం ఇక్కడ రాయను, అది ఆయన నాకిచ్చినది. ఇంతవరకు చెబుతాను. చెంచా వంగేది మీరు చూస్తున్నప్పుడు కాదు, అంతకుముందే. ఆ వంపును వేళ్ళ చాటున దాచి, ఇప్పుడే పుడుతున్నట్టు మెల్లగా బయటికి తేవాలి. చెయ్యడంకన్నా దాచడం కష్టం.

దాచానో లేదో చూడడానికి ఆయన నా కుర్చీ వెనక నిలబడేవాడు. ముందు నుంచి ఎవరైనా మోసపోతారు, వెనక నుంచి చూసినవాడికే తెలుస్తుందని ఆయన లెక్క. నేను చేసేదాన్ని. వెనక నుంచి "కనబడ్డది" అని వినిపించేది. బొటనవేలు జరిపేదాన్ని. "కనబడ్డది." వానలు పోయి చలికాలం వచ్చినా అదే మాట. ఒక్కోసారి చెంచా విసిరికొట్టాలనిపించేది. కానీ విసరాలంటే ముందు గట్టిగా పట్టుకోవాలి కదా, ఆ పట్టు అప్పటికే వచ్చిందని ఒకరోజు గుర్తించి నాలో నేనే నవ్వుకున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం చేశాను. వెనక నుంచి మాట రాలేదు. మళ్ళీ చెయ్యమన్నాడు. చేశాను. మూడోసారి నా భుజం మీదికి వంగి చూశాడు. ఆ తర్వాత ముందుకు వచ్చి నేల మీద కూర్చున్నాడు. నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ముడుచుకుపోయి ఎప్పటికీ తెరుచుకోని ఆ రెండు వేళ్ళనూ తాకాడు. ఎవరూ అనుమానించని చాటు అది. వంపంతా అందులో ఒదిగిపోయింది.

"నాకు కనబడలే బేటీ," అన్నాడు. "గా ఇంజనీరు దొరకు గూడ గిట్ల రాలే."

అప్పటిదాకా ఆ రెండు వేళ్ళను చూస్తే నాకు ఏడుపొచ్చేది. చాచా కళ్ళలో ఆ పూట ఉన్నది జాలి కాదు. రంజాన్ నాడు ఆయన్ని చూసి మేం ఎలా నిలబడిపోయామో అలా చూస్తున్నాడు. ఆ సాయంత్రమే బాపుతో ట్రైనింగుకు పోతానని చెప్పాను. బాపు చాచా ఇంటి వైపు చూసి, "గట్లనే పో బిడ్డా" అన్నాడు.

బయలుదేరేముందు చాచా ఒక మాట తీసుకున్నాడు. "ఎవ్వలకన్న సూపెడితే, గిది చేతి పని అని ముందుగాలనే చెప్పు. మంత్రం అని అననియ్యకు." ఆ పోలియో పిల్ల తల్లిని ఆయన మర్చిపోలేదు.

నా మొదటి ఉద్యోగం ఉట్నూరు లోపలి ఒక గూడెం బడిలో. మొదటి రోజు పిల్లల కళ్ళన్నీ నా చేతి మీదే. ముందు వరసలో ఒక పిల్ల ఉండబట్టలేక అడిగేసింది, చెయ్యి ఎందుకలా ఉందని. నేను ఎదురుగా ఉన్న ఇంటికి పంపి ఒక చెంచా తెప్పించాను. ఇది చేతి పని అని చెప్పి, అందరి కళ్ళలోకీ చూస్తూ నిమిరాను. చెంచా ఒరిగిపోయింది. మర్నాడు సగంమంది పిల్లలు అంగీల్లో చెంచాలు దాచుకుని వచ్చారు. ఆ వెనకే వాళ్ళ తల్లులు వచ్చారు, చెంచాల కోసం. వాళ్ళకూ చేసి చూపాల్సి వచ్చింది. ఆ చేతినే చూపించమని పిల్లలు ఇప్పటికీ అడుగుతారు.

చాచా రిటైరయ్యాక మంచిర్యాలలో కొడుకు ఇంటికి చేరాడు. సెలవులకు వెళ్ళినప్పుడల్లా చూసి వచ్చేదాన్ని. నాలుగేళ్ళ కిందట మతిమరుపు మొదలైంది. మొదట ఏ రోజో మర్చిపోయాడు, తర్వాత మనుషుల్ని. చాచీని చూసి తన అక్క అనుకునేవాడు. పోయిన ఎండాకాలం నేను వెళ్ళేసరికి కిటికీ పక్కన మంచం మీద కూర్చుని ఉన్నాడు. నమస్తే పెట్టాను. ఎవరింటి బిడ్డవమ్మా అని మర్యాదగా అడిగాడు.

చెప్పాను. ఆయనకు అందలేదు. చాచీ మా ఇద్దరికీ ప్లేట్లలో ఉప్మా, చెంచాలు తెచ్చి పెట్టి టీకి వెళ్ళింది. ఇంకేం చెయ్యాలో తోచక, ఇది చేతి పని అని చెప్పి, నా చెంచా తీసుకుని నిమిరాను.

ఆయన నోరు కొంచెం తెరుచుకుంది. మంచం మీద ముందుకు జరిగాడు. వంగిన చెంచాను తీసుకుని అటూ ఇటూ తిప్పాడు, వేలితో కొట్టి చప్పుడు విన్నాడు.

"ఎట్ల చేసినవ్ బిడ్డా?"

"నాకొకాయన నేర్పిండు చాచా."

"మస్తు మనిషి ఉన్నట్టుండు," అన్నాడు.

రెండో ప్లేటులోని చెంచాను ఆయన చేతికి ఇచ్చాను, ఊరికే పట్టుకుంటాడని. ఆయన దాన్ని చూడలేదు, నా కళ్ళలోకే చూస్తున్నాడు. బొటనవేలు మెడ దగ్గరికి జరిగింది. చూపుడువేలు తన చోటికి తాను వచ్చింది. మిగతా వేళ్ళు ఒకదాని పక్కన ఒకటి ముడుచుకున్నాయి. రెండుసార్లు నిమిరాడో లేదో, చెంచా మెల్లగా తల వాల్చేసింది.

చాచా కిందికి చూసుకుని ఉలిక్కిపడ్డాడు. చెంచాను పక్కన పెట్టేశాడు. ఖాళీ అయిన కుడిచేతిని కిటికీ వెలుతురులోకి ఎత్తి, అరచెయ్యి ఒకసారి, వెనక వైపు ఒకసారి, కొత్తగా వచ్చినవాళ్ళను చూసినట్టు చూశాడు. చాచీ రెండు చేతుల్లో రెండు టీ కప్పులతో గుమ్మంలోనే ఆగిపోయింది. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు.