సిద్దిరాములు నల్లా గుంత

మా గల్లీలో మనిషి గొప్పతనాన్ని ఇంటి ఎత్తుతో కొలవరు, నల్లా గుంత లోతుతో కొలుస్తారు. కామారెడ్డి అంతా ఇట్లాగే ఉంటుందని నేననను, మా వాళ్ల బుద్ధి మాత్రం ఇంతే. నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, వచ్చినా సన్నగా వస్తాయి. నల్లా ఎంత కింద ఉంటే నీళ్లు అంత ముందుగా అటు పోతాయి కాబట్టి ఒకడు మూరెడు తవ్వితే పక్కవాడు రెండు మూరలు తవ్వుతాడు. తవ్వగా తవ్వగా మా నల్లాలన్నీ మురుగు పారే మోరీ కంటే కిందికి దిగాయి. మోరీ నీళ్లు ఊటలా దిగి గుంతల్లో నిలుస్తాయి, నల్లా మూతి ఆ మురికిలో మునిగి ఉంటుంది. ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని ఆ గుంతల పక్కనే నిలబడి, దేశం ఎటు పోతోందోనని బాధపడే జనం మేము.

అందరిలోకీ లోతైన గుంత సిద్దిరాములుది. నా కిరాణా కొట్టుకు ఎదురిల్లే కాబట్టి వాడి వైభోగమంతా నా కళ్ల ముందే జరిగింది. చాలా ఏళ్లు మస్కట్‌లో పైపుల పని చేసి వచ్చి రెండంతస్తులు కట్టాడు, ముందర స్టీలు కటకటాలు పెట్టించాడు. గుంతలోకి దిగడానికి మెట్లు కట్టించి, లోపల పూల టైల్స్ వేయించి, పైన ఇనుప మూత పెట్టి దాని మీద తన పేరు రాయించుకున్నాడు. టైల్స్ సందుల్లోంచి మోరీ నీళ్లు ఎప్పటిలాగే ఊరుతూ వచ్చాయి. అది చాలదన్నట్టు నల్లాకే నేరుగా మోటరు బిగించాడు. అది తిరిగినంతసేపూ పక్క ఇండ్లలో నల్లాలు గాలి పీల్చేవి.

వాడికి తెలియక చేశాడంటే నేను ఇది రాసేవాణ్ని కాదు. వాడికి మా అందరికంటే బాగా తెలుసు. ఒకరోజు సిగరెట్ల కోసం వచ్చి కొట్టు ముందు బల్ల మీద కూర్చుని వాడే చెప్పాడు.

"మస్కట్ల గిట్ల ఉండదు సేటు. ఆడ ఇంటింటికి పైపుకు వాల్వు పెడ్తరు. నీళ్లు ముందుకు పోతయి గని ఎనుకకు రావు. గది లేకపోతే ఏమైతదో ఎరికేనా? నీళ్లు బంద్ చేసినంక పైపు ఖాళీ అయితది. ఖాళీ పైపు గుంజుకుంటది. నల్లా మూతికాడ ఏముంటే గది లోపటికి పోతది. మళ్ల నీళ్లిడిస్తే పక్కింట్ల తేల్తది. ఎన్ని వాల్వులు బిగించిన ఈ చేతులతోని!"

"మరి నీ ఇంటికి ఎందుకు బిగించలేదు?"

"ఈడ ఎవడడుగుతడు?" అని నవ్వాడు.

సిద్దిరాములు జీవిత చరిత్ర మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. అడిగేవాడుంటే మహా నికార్సయిన పనివాడు, లేకపోతే ఏమీ కాదు. మస్కట్ నుంచి తెచ్చుకున్న ఇత్తడి వాల్వు ఒకటి వాడి షోకేసులో బొమ్మ ఒంటెకూ ఖర్జూరం డబ్బాకూ మధ్యన ఉండేది. చింతపండుతో తోమించి మెరిపించి వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. గుంతలు పూడ్చుకొమ్మని చెప్పడానికి మున్సిపల్ ఆఫీసు వాళ్లు వచ్చిన రోజున కూడా వాళ్లను సోఫాలో కూర్చోబెట్టి, చాయ్ తాగించి, ఆ వాల్వు చేతికిచ్చి మస్కట్ గురించి ఉపన్యాసం దంచాడు. వాళ్లు వెళ్లాక గుంతను ఇంకొంచెం లోతు చేయించాడు.

వాడి పక్కిల్లు నాగవ్వది. బీడీలు చుట్టుకుని బతికే ముసలామె. మోటరు లేదు, పెట్టుకునే తాహతు లేదు. సిద్దిరాములు మోటరు ఆగాక మిగిలిన ధార కింద బిందె పెట్టి, చాట ఒళ్లో వేసుకుని అక్కడే బీడీలు చుడుతూ కూర్చునేది. మొదటి బిందె మోరీలో పారబోసేది. రెండోది గుడ్డతో వడకట్టుకునేది. ఒకరోజు మా అందరి ముందే అడిగింది.

"ఓ రాములూ, నీళ్లు కంపు గొడ్తున్నయి కొడుకా. జర ఆ గుంత సంగతి జూడు."

"డబ్బా నీళ్లు కొనుక్కో నాగవ్వా. ఇయ్యాల్రేపు నల్లా నీళ్లు ఎవలు తాగుతరు?"

ఆమె తాగుతుంది. ఆమెలాంటి వాళ్లు గల్లీలో ఇంకా ఉన్నారు. వాళ్లు మనుషుల లెక్కలోకి వస్తారని వాడికి తట్టలేదు. పక్కనున్న మాకు తట్టినా నోరు పెగల్లేదు, అందుకని మాకేమీ దండలు వేయనక్కర్లేదు.

ఆ ఎండాకాలం వాడి ఒక్కగానొక్క బిడ్డ సాయిలత ఎల్లారెడ్డిలోని అత్తగారింటి నుంచి మొదటి కాన్పుకు తల్లిగారింటికి వచ్చింది. వచ్చిన రోజు నుంచి సిద్దిరాములు ఇంట్లో డబ్బా నీళ్లు తప్ప మరో చుక్క లేదు. అన్నం వండడానికీ అవే, ఆ పిల్ల పళ్లు తోముకోవడానికీ అవే. నీళ్ల ఆటో ఆలస్యమైతే గల్లీ చివరిదాకా వెళ్లి కేకలు వేసేవాడు.

"నా బిడ్డకు నల్లా సుక్క తగలొద్దు సేటు. కడుపుతోటున్న పిల్ల. పసిరికెలు గిట్ల సోకితే తల్లీపిల్లా ఇద్దరికీ ముప్పే," అన్నాడు నాతో.

అప్పటిదాకా వాడంటే నాకు చిరాకు ఉండేది, ఆ మాటతో అసహ్యం పుట్టింది. ఆ నీళ్లు కామెర్లు తెస్తాయని వాడికి రోగం పేరుతో సహా తెలుసు. తెలిసీ తన గడప వరకే కాపలా కాసుకున్నాడు.

మా గల్లీలో ఒక మంచి అలవాటు కూడా ఉంది, అది చెప్పకపోతే తప్పవుతుంది. కాన్పుకు వచ్చిన ఆడపిల్లను ఇంటింటికీ పిలిచి, ఆమె నోరు ఏది కోరితే అది వండిపెడతారు. సాయిలత చిన్నప్పుడు తండ్రి మస్కట్‌లో ఉంటే, తల్లి భూమక్క నాగవ్వ వాకిట్లోనే బీడీలు చుట్టేది. పిల్ల ఆ ముసలామె చేతి ముద్దలు తిని పెరిగింది. అందుకని నాగవ్వ పిలిచినప్పుడు ఏం కావాలని కూడా అడగలేదు. పచ్చిపులుసు చేసింది. చింతపండు పిసికి, కాల్చిన మిరపకాయలు నలిపి, ఉల్లిగడ్డ కోసి, నువ్వుల పొడి చల్లింది. పచ్చిపులుసును పొయ్యి మీద పెట్టరు, బిందెలో నీళ్లు కాచకుండానే పోస్తారు. సిద్దిరాములే బిడ్డను ఆ గుమ్మం దాకా దిగబెట్టాడు. ఇంటి నిండా డబ్బాలు పెట్టుకున్నవాడికి, పక్కింటికి ఒక డబ్బా పంపాలని తోచలేదు. సాయిలత పులుసుతో కడుపునిండా తిని, మిగిలింది గిన్నెలోంచే తాగింది.

కొన్ని వారాలకు గల్లీలో జ్వరాలు మొదలయ్యాయి. నాగవ్వ కళ్లు పచ్చబడ్డాయి. ఆ వెనకే సాయిలత కళ్లూ పచ్చబడ్డాయి. సిద్దిరాములు పరుగున వెళ్లి నాగవ్వ గుమ్మం ముందు నిలబడి గల్లీ అదిరేటట్టు అరిచాడు.

"ఏం పెట్టినవే ముసల్దానా నా బిడ్డకు?"

నాగవ్వ గోడ పట్టుకుని లేచి వచ్చింది. గట్టిగా మాట్లాడే ఓపిక ఆమెకు లేదు.

"పచ్చిపులుసు పెట్టిన రాములూ. చింతపండు నాది, ఉప్పు నాది. నీళ్లే నీ గుంతలయి."

సాయిలత వెనకాలే వచ్చి నిలబడి ఉంది. తండ్రి ముఖంలోకి చూసి, "బాపూ, గిట్లయితదని నీకు ఎరికేనా?" అని అడిగింది. ఊళ్లో ప్రతి దానికీ జవాబున్న మనిషి మోటరు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ పిల్లకు జవాబు అందింది.

ఆమెను ముందు ఇక్కడి ఆసుపత్రికి, అక్కడి నుంచి హైదరాబాదుకు తీసుకెళ్లారు. సాయిలత బతికింది. కడుపులోని బిడ్డ దక్కలేదు. ఆ కబురు వచ్చిన పొద్దు నేను కొట్టు తెరవలేకపోయాను. ఆసుపత్రి నుంచి సాయిలత నేరుగా ఎల్లారెడ్డికే వెళ్లిపోయింది.

మా గల్లీ జనం ఎంత చురుకైనవాళ్లో అప్పుడు చూశాను. వారం తిరక్కుండా గుంతలన్నీ పూడ్చేశారు, నల్లాలు పైకి లేపారు. ప్రతివాడూ తాను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నానన్నాడు. సిద్దిరాములు మోటరు పీకేసి, షోకేసులోని వాల్వు తీసి పైపుకు బిగించాడు. బిగించి నన్ను చేయి పట్టుకుని తీసుకెళ్లి చూపించాడు.

"సూడు సేటు, ఇగ సుక్క ఎనుకకు రాదు."

పని చక్కగానే చేశాడు. కుదురైన పనితనం. ఆ చేతులకు ఆ పని ఎప్పుడూ వచ్చు, అదే నాకు మింగుడు పడలేదు. కొట్టుకు తిరిగి వచ్చాను.

చలికాలంలో ఒక పొద్దున సాయిలత ఎల్లారెడ్డి బస్సు దిగి గల్లీలోకి వచ్చింది. చిక్కి సగమైంది. కటకటాల దగ్గర నిలబడ్డ తండ్రిని దాటి నాగవ్వ వాకిట్లోకి వెళ్లింది. జబ్బు నుంచి లేచినా నాగవ్వ ఇంకా మంచానికే అంటుకుని ఉంది. ఆ పిల్ల మంచం కోడు పక్కన కూర్చుని ఆమె కాళ్లు పిసికింది.

"దూపయితుంది అవ్వా, నీళ్లియ్యి," అంది కాసేపటికి.

"మరగబెట్టినయే బిడ్డా, కుండల ఉన్నయి, ముంచుకో."

ఈలోగా సిద్దిరాములు ఇంట్లోకి ఉరికి, స్టీలు గ్లాసు నిండా నీళ్లు పట్టుకుని నాగవ్వ గుమ్మంలోకి వచ్చాడు.

"డబ్బా నీళ్లు బిడ్డా. మంచియి. ఇయ్యి తాగు."

సాయిలత కుండలో నీళ్లు ముంచుకుని, వాడు చూస్తుండగా చెంబెడూ తాగింది. మూతి తుడుచుకుని అప్పుడు వాడి వైపు తిరిగింది.

"ఆ దినం అవ్వకు గూడ అవే ఇయ్యకపోతివి బాపూ," అంది.

నాగవ్వకు దుప్పటి కప్పి బస్సుకు వెళ్లిపోయింది. వాడు ఆ నీళ్లను తాగలేక, పారబోయలేక, గ్లాసు పట్టుకుని ఆ గుమ్మంలోనే నిలబడ్డాడు. నాకు జాలి కలగలేదు.