వదులైన చొక్కా

మా బాబాయి టైలరు. మనిషి గుమ్మంలోకి రాగానే కొలత చెప్పేయగలడు. అలాంటివాడు తన వీపు మీద లేచిన మెత్తటి గడ్డను కొలిచి చూసుకోవడానికి జంకేవాడు. డాక్టరు మాటెత్తితే చాలు, "కత్తి పెడితే ఒళ్లంతా పాకుతుంది" అని మండిపడేవాడు. ఎవడో మహానుభావుడు చెప్పాడని రోజూ ఆకు పసరు రాసి, పైన ఆముదం పట్టు వేసుకునేవాడు. చర్మం కమిలిపోయినా మానలేదు. పైగా దానికి కొలత చొక్కాయేనట. వీపు దగ్గర పట్టేస్తే గడ్డ పెరిగినట్టు, పట్టకపోతే తగ్గినట్టు!

ఒక ఉదయం చొక్కా తొడుక్కుని, మిషను తొక్కుతున్న పిన్ని ముందు నిలబడ్డాడు.

"చూశావా, ఎక్కడా పట్టడం లేదు. పసరు పనిచేసింది!"

పిన్ని ముఖం పాలిపోయింది. చొక్కా విప్పించి, తిరగేసి, పక్క కుట్లు చూపించింది.

"మీరు హడలిపోతుంటే చూడలేక నేనే విప్పి వదులు చేశానండీ. మళ్లీ పట్టేసింది. మళ్లీ విప్పాను."

బాబాయి ఆ కుట్ల మీద వేలు పెట్టి కొలిచాడు. అంటే ఇన్నాళ్లూ గడ్డ పెరుగుతూనే ఉంది.

ఆ పూటే డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. ఆయన నొక్కి చూసి, స్కాన్ తీయించాడు.

"ఉత్త కొవ్వు గడ్డ. భయం లేదు. కానీ పసర్లకూ పట్లకూ ఇది కరగదు. ఇబ్బందైతే కోసి తీసేద్దాం."

గడ్డ తీయించుకుని చాలా కాలమైంది. ఇప్పటికీ పిన్ని "చొక్కా బాగా కుదిరిందండీ" అంటే, బాబాయి నవ్వుతూనే దాన్ని తిరగేసి కుట్లు తడుముతాడు.